అద్దాల లోపల ఐదు నిమిషాలు

ఉరుము వినబడింది. మీరు చేనులో పత్తి విత్తనాలు పెడుతున్నారు. చినుకు ఇంకా పడలేదు గానీ పడమటి దిక్కు నల్లబడింది. ఎటు పోతారు?

చెట్టు కిందికి పోవద్దని మీకు తెలుసు. బడిలో చెప్పారు, టీవీలో చెప్పారు, వాట్సాప్‌లో పదిసార్లు వచ్చింది. అయినా నాలుగు చినుకులు మీద పడగానే కాళ్లు ఆ ఇప్పచెట్టు వైపో, గట్టు మీది గుడిసె వైపో నడుస్తాయి. 2025 జూన్‌లో ఒక్కరోజే ఆదిలాబాద్ జిల్లాలో పిడుగులు ఆరుగురిని పొట్టనబెట్టుకున్నాయి. గాదిగూడ మండలంలో చనిపోయినవాళ్లు వానకు తడవకుండా చేనులోని గుడిసెలో తలదాచుకున్నవాళ్లే.

వాళ్లకు తెలివి లేక కాదు. వానొస్తే నీడ కిందికి పోవాలన్నది చిన్నప్పటి నుంచి ఒళ్లు నేర్చుకున్న పాఠం. పిడుగు పాఠం చెవులు విన్నది. రెండూ ఒకేసారి ఎదురుపడితే గెలిచేది ఒళ్లే.

మరి ఒంటికి పాఠం చెప్పేదెట్లా? నిజం పిడుగును తెచ్చి చూపించలేం. ఇక్కడే వర్చువల్ రియాలిటీ పనికొస్తుంది. కళ్లకు పెట్టుకునే ఆ పెద్ద అద్దాల పెట్టెలో తల ఎటు తిప్పితే అటు దృశ్యం తిరుగుతుంది. కాసేపటికి మనిషి తాను కూర్చున్న గదిని మరిచిపోతాడు. దీన్ని ఆటల కోసమే అనుకునేవాళ్లు ఎక్కువ. బడి టీచరైనా, పంచాయతీ కార్యదర్శైనా, మహిళా సంఘం లీడరైనా, గనుల శిక్షణ కేంద్రంలో పాఠం చెప్పేవాళ్లైనా దీన్ని రక్షణ పాఠానికి ఎలా వాడుకోవచ్చో ఈ అధ్యాయంలో చూద్దాం.

గోదావరిఖనికి ఇది పాత విద్యే

అద్దాలు కొత్తవి కావచ్చు, ఆలోచన మాత్రం బొగ్గు బాయి వాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిందే. గోదావరిఖనిలో సింగరేణి రెస్క్యూ స్టేషన్ ఉంది. ఇలాంటి స్టేషన్లలో గనిని పోలిన గ్యాలరీ కడతారు. లోపల చీకటి, ఇరుకు, పొగ. శిక్షణకు వచ్చినవాళ్లు వీపున శ్వాస పరికరం తగిలించుకుని, కనబడని దారిలో వంగి పాకుతూ, బరువులు మోస్తూ తిరుగుతారు. బయట తలుపు దగ్గర ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడని వాళ్లకు తెలుసు. అయినా గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, దారి తప్పుతారు. అక్కడ తప్పితే పోయేదేం లేదు. బాయిలో తప్పితే పోయేది ప్రాణం.

ఆ తేడా విలువ ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది. 2021 నవంబర్‌లో శ్రీరాంపూర్ ఎస్‌ఆర్‌పీ–3లో నలుగురు, 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్‌లో ముగ్గురు. అడ్రియాలలో పోయినవాళ్లలో రక్షణ బాధ్యతలు చూసే అధికారి కూడా ఉన్నాడు.

పొగ గ్యాలరీలోకి పోయేది రెస్క్యూ వాళ్లు. మామూలు టింబర్‌మన్‌కో, కొత్తగా మస్టర్ పడ్డ కుర్రాడికో ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుంది? ధన్‌బాద్‌లోని ఐఐటీ–ఐఎస్‌ఎం ఈ ఖాళీ పూడ్చేందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ సంస్థ సిమ్‌టార్స్‌తో కలిసి వర్చువల్ రియాలిటీ గని సిమ్యులేటర్ పెట్టుకుంది. అమెరికాలో గనుల రక్షణ మీద పనిచేసే నియోష్ సంస్థ పిట్స్‌బర్గ్ దగ్గర ఇలాంటి ప్రయోగశాల పెట్టుకుంది. గ్యాస్ పెరుగుతుంటే ఏ దారిన బయటికి రావాలి, సెల్ఫ్ రెస్క్యూయర్ అనే శ్వాస పరికరం నోట పెట్టుకోవాల్సింది ఇప్పుడా, ఇంకో పది అడుగులు పోయాకా? ఇలాంటివి అక్కడ తప్పులు చేస్తూ నేర్చుకోవచ్చు.

పైకప్పు సంగతే తీసుకోండి. ఫేస్‌లోకి, అంటే బొగ్గు తవ్వే చోటికి, పోగానే మైనింగ్ సర్దార్ కడ్డీతో పైన తట్టి చూస్తాడు. గట్టి రాయైతే మోత ఖంగుమంటుంది, పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. ఆ రెండు చప్పుళ్ల తేడా నల్లబల్ల మీద రాస్తే ఎవరికి అర్థమవుతుంది? అద్దాల్లో చెవుల దగ్గర పదిసార్లు వినిపిస్తే పదకొండోసారి తల దానంతటదే పైకి లేస్తుంది.

మీరు మొదలుపెట్టాలంటే

లక్షలు పెట్టి సిమ్యులేటర్ కొనమని ఎవరూ అనడం లేదు. గూగుల్ 2014లో అట్టపెట్టెతో చేసిన కళ్లద్దాలు తెచ్చింది. 2021లో తాను అమ్మడం ఆపేసినా, అదే నమూనాలో వేరేవాళ్లు చేసినవి కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. అందులో ఫోన్ పెట్టి 360 డిగ్రీల వీడియో వేసుకోవచ్చు. కొనేముందు ఒకటి చూసుకోండి: ఫోన్‌లో గైరోస్కోప్ ఉండాలి. కొన్ని చవక ఫోన్లలో అది ఉండదు. అప్పుడు తల తిప్పినా బొమ్మ తిరగదు, పిల్లలు రెండు నిమిషాల్లో విసుగెత్తి తీసేస్తారు.

1. ఒక్క ప్రమాదం, ఒక్క నిర్ణయం. రోడ్డు, కరెంటు, పాము, పిడుగు, సైబర్ మోసం అన్నీ ఒకే వీడియోలో కుక్కాలన్న తాపత్రయం అందరికీ ఉంటుంది. వద్దు. ఒక సన్నివేశంలో మనిషి ఒక్కచోటే తేల్చుకోవాలి. చేనులో ఉరుము విన్నాక ఎటు? కాలువలో స్నేహితుడు జారిపడితే ఏం చేయాలి? అంతే.

2. మీ ఊరినే చూపించండి. విదేశీ వీడియోలో పిల్లవాడు పసుపు స్కూల్ బస్సు దిగి రోడ్డు దాటుతాడు. మంచిర్యాల పిల్లవాడికి ఎదురయ్యేది రాజీవ్ రహదారి మీది బొగ్గు లారీ. 360 కెమెరా ఒక్కరోజు అద్దెకు తెచ్చుకోండి, లేదా జిల్లా కేంద్రంలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లను అడగండి. స్టాండు పిల్లల కంటి ఎత్తున నిలపండి. పెద్దవాళ్ల ఎత్తున తీస్తే ఆగి ఉన్న ఆటో వెనక ఏముందో కనబడుతుంది. పిల్లవాడికి అది కనబడదు. అసలు ప్రమాదం అక్కడే కదా? చిత్రీకరణలో ఎవరినీ నీళ్లలోకి దింపొద్దు, రోడ్డు మధ్య నిలబెట్టొద్దు. పాఠం తీయబోయి ప్రమాదం తెచ్చుకున్నట్టవుతుంది.

3. మూడు దారులు పెట్టండి. కాకతీయ కాలువ గట్టు అనుకుందాం. ఎండాకాలం సెలవుల్లో నలుగురు పిల్లలు. ఒకడు సిమెంటు వాలు మీద పాచికి జారి నీళ్లలో పడ్డాడు. అద్దాలు పెట్టుకున్న పిల్లవాడి ముందు మూడు గుర్తులు మెరుస్తాయి: దూకడం, పరిగెత్తి పెద్దవాళ్లను పిలవడం, గట్టు మీదున్న ఖాళీ నీళ్ల డబ్బా విసరడం. చూపు దేని మీద మూడు సెకండ్లు నిలిస్తే అది ఎంచుకున్నట్టు. దూకడం ఎంచుకుంటే దృశ్యం నీళ్ల లెవెల్‌కి దిగుతుంది. చేతులు వాలును పట్టుకుంటాయి, పాచి జారుతుంది, మళ్లీ పట్టుకుంటాయి, మళ్లీ జారుతుంది. తెర నల్లబడుతుంది. రక్తం అక్కర్లేదు, ఏడుపులు అక్కర్లేదు. ఒడ్డు చేతికి అందుతూనే అందకపోవడం చాలు. డబ్బా విసరడం ఎంచుకున్నవాడికి స్నేహితుడు డబ్బాను పట్టుకుని తేలడం కనబడాలి. తప్పుకు ఫలితం చూపించి ఒప్పుకు చూపించకపోతే ఆ పాఠం బెదిరింపుగా మిగిలిపోతుంది.

4. మాట ఇంట్లో మాట్లాడే మాటై ఉండాలి. ఉట్నూరు, జైనూరు, సిర్పూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో చాలామంది పిల్లలకు ఇంటిభాష గోండి, కొందరికి కొలామి. సినిమా డబ్బింగ్ లాంటి తెలుగు గొంతుతో హెచ్చరిక వినిపిస్తే అది ఎవరికో చెప్పినట్టే ఉంటుంది. ఊరి పెద్దమనిషితోనో, అక్కడి టీచరమ్మతోనో ఫోన్‌లో రికార్డు చేయించండి. నాణ్యత కొంచెం తగ్గితే తగ్గనివ్వండి.

5. ఐదు నిమిషాల్లో అద్దాలు తీయించండి. కన్ను కదులుతున్నానంటుంది, లోపలి చెవి కదలడం లేదంటుంది. ఆ గొడవకే కొందరికి కడుపులో తిప్పుతుంది. అందుకే కెమెరా నడవకూడదు, ఒకచోట నిలిచి ఉండాలి. చూసేవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టండి. మూర్ఛ వచ్చే పిల్లలకు పెట్టొద్దు. ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి మార్చేటప్పుడు అద్దాలు తుడవండి. 2023 వానాకాలంలో బళ్లన్నీ కండ్లకలకతో ఎర్రబడ్డది గుర్తుందా? అలాంటి రోజుల్లో అద్దాలు బీరువాలోనే ఉంచండి. వయసు సంగతి కూడా చూసుకోండి: మెటా కంపెనీ తన హెడ్‌సెట్లను పదేళ్లలోపు పిల్లలకు పెట్టొద్దంటుంది.

6. నలభై మందికి ఒకటే ఉందా? మంచిదే. ఒకరికి పెట్టి, వాళ్లు చూసేది టీవీలో అందరికీ వేయండి. చూసేవాళ్లు నోరు మెదపకూడదు. అద్దాలు తీశాక మాత్రం పెద్ద గొడవే జరగాలి: ‘వాడు గుడిసెలోకెందుకు పోయిండు?’, ‘నువ్వైతే యాడికి పోతుంటివి?’ టీచర్ చెప్పిన దానికన్నా ఈ వాదనే పిల్లలకు ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

ఒక పిడుగు పాఠం, దగ్గర్నుంచి

పై సూచనలన్నీ ఒక సన్నివేశంలో ఎలా కలుస్తాయో చూద్దాం. అద్దాల్లో చేను. ఎడమ వైపు గుడిసె, కుడి వైపు చింతచెట్టు, వెనక ట్రాక్టర్, దూరంగా బడి భవనం. ఆకాశంలో మెరుపు. తెర మీద అంకెలు రావు, చూసేవాళ్లే లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు… ఇరవై నాలుగు. అప్పుడు ఉరుము. చప్పుడు కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకండ్లు పడుతుంది కాబట్టి పిడుగు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండో మెరుపుకు లెక్క పదిహేనుకే ఆగుతుంది. మూడోదానికి ఆరు.

ఎప్పుడు లేవాలి? చాలామంది ఆరు దగ్గర లేస్తారు. సరైన జవాబు ఇరవై నాలుగు. లెక్క ముప్ఫై దాటకముందే ఉరుము వినబడితే కదలాల్సిందే. మూడో మెరుపు దాకా ఆగినవాళ్లకు బడి భవనం చేరే టైం మిగలదు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే అద్దాల్లో తెలిసిపోతుంది. గుడిసె, చెట్టు, పైన కప్పు లేని ట్రాక్టర్, మూడూ తప్పే. పక్కా భవనం, లేదంటే తలుపులన్నీ మూసిన కారో బస్సో. ఏదీ అందకపోతే చెట్టుకు దూరంగా, ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గర పెట్టి గొంతుకూర్చోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ చేనులోకి దిగొద్దు. పుణెలోని ఐఐటీఎం చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల సమాచారం ఇస్తుంది. అది ఫోన్‌లో ఉంటే మంచిదే. సిగ్నల్ లేని గూడెంలో ఈ సెకండ్ల లెక్కే దిక్కు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే కరెంటు కొడుతుందన్న భయం ఊళ్లలో గట్టిగా ఉంది. కొట్టదు. 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున. ఇది మాత్రం అద్దాలతో రాదు. ఎంత బలంగా నొక్కాలో చేతికి తెలియాలి. దానికి బొమ్మ కావాలి, లేదా బిగుతుగా దూది కుక్కిన దిండు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటిది భయపెట్టడం. కాగజ్‌నగర్ అడవుల అంచున పులి భయం నిజమే. 2020 నవంబర్‌లో ఇద్దరు, 2024 నవంబర్‌లో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయారు. దాంతో ‘పులి మీదికి దూకే వీడియో చేద్దాం’ అనే ఉత్సాహవంతుడు ఎక్కడో ఒకచోట తప్పక పుడతాడు. అది చూసిన పిల్ల ఆ రాత్రి నిద్రపోదు, తెల్లారాక నేర్చుకున్నదీ ఉండదు. చూపించాల్సింది పులి రాకముందు జరిగేవి: ఒంటరిగా వంగి పత్తి ఏరడానికీ గుంపుగా ఏరడానికీ ఉన్న తేడా, మెత్తటి నేల మీద అడుగుజాడ, పొద్దు వాలాక చేనులో మిగిలిపోవడం. అక్కడ అటవీ శాఖ తల వెనక పెట్టుకునే ముఖం మాస్కులు కూలీలకు పంచింది. సుందరబన్స్‌లో 1980లలోనే వాడిన ఉపాయం అది. అద్దాలు లేని ఆ మాస్కు కూడా ఒకరకంగా వర్చువల్ రియాలిటీయే, కాకపోతే చూసేది పులి.

రెండోది ఇంతకన్నా చేటు. ఆడపిల్లల రక్షణ అనగానే అమ్మాయికి అద్దాలు పెట్టి, ఎవడో వెంటపడుతున్నట్టు చూపించి, ‘నువ్వు ఏం చేస్తావు?’ అని అడగడం. తప్పు చేసేవాడు వాడైతే పరీక్ష ఈమెకా? ఆ సన్నివేశాన్ని తిప్పి తీయండి. అద్దాలు బస్టాండులో నిలబడ్డ అబ్బాయికి పెట్టండి, కండక్టర్‌కు పెట్టండి, ఆటో డ్రైవర్‌కు పెట్టండి. ముందు సీట్లో ఒక అమ్మాయి ఇబ్బంది పడుతూ కిటికీ వైపు జరుగుతోంది. చూసేవాడు లేచి నిలబడతాడా, అమ్మాయి పక్కకు పోయి ‘చెల్లె, టైం ఎంతయింది?’ అని మాట కలుపుతాడా, 112కి ఫోన్ చేస్తాడా, ఫోన్‌లోకి తల దించుకుంటాడా? 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ ఇప్పుడు కరీంనగర్, రామగుండం కమిషనరేట్లలోనూ పనిచేస్తున్నాయి. ఇలాంటి సన్నివేశం రాసేముందు వాళ్లతో ఒక పూట కూర్చుంటే సినిమా పోకడ తగ్గి నిజం పెరుగుతుంది. ఇంతకుముందు ఇలాంటిది అనుభవించిన పిల్లలు క్లాసులో ఉండవచ్చు. చూడటం ఇష్టం లేదన్న పిల్లను ఎందుకని అడగొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు బోర్డు మీద రాసి ఉంచండి.

మూడోది, అద్దాలు తీయగానే పాఠం అయిపోయిందనుకోవడం. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ శాఖలో డేవిడ్ ష్వెబెల్ బృందం పిల్లలకు రోడ్డు దాటడం ఇలాగే నేర్పింది. ముందు మూడు తెరలు, కాళ్ల కింద చెక్కతో చేసిన ఫుట్‌పాత్ అంచు. పిల్లవాడు ఆ అంచు మీద నుంచి కిందికి అడుగు వేస్తేనే తెర మీది బొమ్మ రోడ్డు దాటుతుంది. నోటితో ‘ఇప్పుడు’ అంటే చాలదు, కాలు దిగాలి. ఆ బృందం తర్వాత ఫోన్, అట్ట అద్దాలతోనూ ప్రయోగాలు చేసింది. మీరు నేర్చుకోవాల్సింది ఆ చెక్క ముక్క నుంచి. అద్దాల్లో ఎంచుకున్నదాన్ని అదే రోజు కాలితో చేయించాలి.

అందుకే ఏడో సూచన విడిగా పెట్టాల్సి వచ్చింది.

7. చూసిన చోటికే నడిపించండి. చేను వీడియో చూశాక పిల్లల్ని నిజంగా చేను గట్టుకు తీసుకుపోయి, అక్కడి నుంచి బడి దాకా మామూలుగా నడిపించి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయించండి. కడెం కింది ఊళ్లలోనైతే మెరక మీదికి పోయే దారి నడిపించండి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు పట్టలేనంత వరద వచ్చినప్పుడు దిగువ ఊళ్లవాళ్లు రాత్రిపూట ఇళ్లు వదిలిపోయారు. పగలు అలవాటైన దారి చీకట్లో వేరుగా ఉంటుంది కాబట్టి ఒకసారి పొద్దుగూకాక కూడా నడవండి. నెల తర్వాత చెప్పకుండా మళ్లీ అద్దాలు పెట్టి, గుడిసెను ఎడమ నుంచి కుడికి మార్చి చూడండి. అప్పుడు కూడా బడి వైపే చూస్తున్నారా?

కాలువ పాఠం విషయంలో ఈ నడక ఇంకో పని చేస్తుంది. అద్దాల్లో పిల్లలంతా ఖాళీ డబ్బానే ఎంచుకున్నారనుకుందాం. చప్పట్లు కొట్టి వాళ్లను కాలువ గట్టుకు తీసుకుపోతారు. ‘ఇప్పుడు విసరండి’ అంటారు. పిల్లలు అటూ ఇటూ చూస్తారు. గట్టు మీద డబ్బా లేదు, తాడు లేదు. వీడియోలో ఉన్న డబ్బా కెమెరా పట్టుకొచ్చినవాళ్లు పెట్టింది. అక్కడే పిల్లలతో పంచాయతీకి ఒక కాగితం రాయించండి: మా కాలువ బ్రిడ్జికి ఒక పాత లారీ ట్యూబు, ఇరవై మీటర్ల తాడు కట్టించండి, పిల్లలకు అందే ఎత్తులో. కింద నలభై సంతకాలు.